చలువ కళ్ళద్దములు

మే నెల మొదటి దినములలో ప్రొద్దుటూరు అంగడివీధిలో మిట్టమధ్యాహ్నము నిలుచున్నవాని నీడ వాని పాదముల క్రిందనే అణగియుండును. ఈ పట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 14 ముప్పాతిక డిగ్రీల దూరమున నున్నది. కావున సూర్యుడు ఉత్తరమునకు పోవునపుడు మే ఆరంభమున ఒకమారును, దక్షిణమునకు మరలునపుడు ఆగస్టు రెండవ వారమున మరియొకమారును సరిగా మన నడినెత్తిమీదికి వచ్చును. జమ్మలమడుగునకును ఇదే లెక్క. పులివెందుల కొంచెము దక్షిణముగా నుండుటచేత అక్కడ ఒక దినము ఇటు అటు కావచ్చును. గడియారము 12 దాటి ఇంచుమించు పావుగంట అయినప్పుడు గాని మనకు అసలైన మధ్యాహ్నము కాదు. ఆ సమయమున పెన్న ఇసుకను గాని, తారురోడ్డును గాని, సున్నపురాతి గుట్టను గాని రెప్ప వాల్చక చూడగలవారు అరుదు.

ఇట్టి ఎండతో తరతరములుగా కాపురము చేసినవారము కనుక దానికి విరుగుడులు మనకు కొన్ని తెలియును. తలకు పాగ కలదు, తువాలు కలదు. బజారునకు వెళ్ళు ఇల్లాలికి కొంగు కలదు, గొడుగు కలదు. పాదములకు చెప్పులు, కడుపునకు మజ్జిగ, రాగి అంబలి, ఒడలికి వేపచెట్టు నీడ. ఇన్ని అమర్చుకొన్న మనము కన్నుల కొరకు చేసినది కనుబొమలమీద అరచేయి అడ్డము పెట్టుకొనుట మాత్రమే.

ఇప్పుడు కన్నుల కొరకును ఒక సాధనము ప్రతి అంగడిలోను దొరకుచున్నది. కొందరు నల్ల కళ్ళద్దములందురు, కొందరు కూలింగు గ్లాసులందురు, మరికొందరు చలువ అద్దములందురు. ఈ కడపటి పేరు మాకు మిక్కిలి ఇష్టము. మన భాషలో చలువ యనగా ఉత్త చల్లదనము కాదు. చలువపందిరి, చలువరాయి, ఒంటికి చలువ చేయు సబ్జా గింజలు — ఎండ బాధను ఉపశమింపజేయు ప్రతిదియు మనకు చలువయే. నిజమునకు కళ్ళద్దము కన్నును చల్లబరచదు. అది చేయు పని వేరు, చేయవలసిన పని వేరు. ఆ పనిని గూర్చియే ఈ ప్రసంగము.

ఈ అద్దములను మన ప్రాంతమున ఎవరు ధరించుచున్నారో ముందుగా చూతము. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో మోటారు సైకిలుపై పోవు యువకుని ముక్కుమీద ఇవి కానవచ్చును. పెండ్లి ఊరేగింపులో వరునకు, ఫోటో తీయించుకొనువానికి, సభకు వచ్చు నాయకునకు ఇవి అలంకారములు. తిరునాళ్ళలో పిల్లలకు ఎఱ్ఱవి, పచ్చవి కొనిపెట్టుదుము. ఇందులో తప్పేమియు లేదు. అందముగా కనబడవలెనను కోరిక లేనిచో ఈ వస్తువు ఇన్ని ఇండ్లకు చేరియుండెడిది కాదు.

అయితే జమ్మలమడుగు చుట్టుపట్ల నాపరాతి గనులలో ప్రొద్దు పొడుపు మొదలు ప్రొద్దు క్రుంకువరకు రాయి చీల్చువాని ముఖమున ఇవి కానరావు. పులివెందుల వైపు చీనీతోటలో పాదులు త్రవ్వువానికి లేవు, వేరుసెనగ పీకు స్త్రీలకు లేవు, నాలుగు దారులు కలిసినచోట నిలుచు పోలీసు జవానునకు లేవు, కొండవారను గొఱ్ఱెలు తోలుకొని తిరుగువానికి లేవు. ఎవడైన ధైర్యము చేసి పెట్టుకొన్నను, “ఏమబ్బీ, సినిమాలో చేరినావా?” అని తోడివారే నవ్వుదురు. మరునాడు అవి ఇంటిలో గూటికెక్కును. ఎండలో పది నిమిషములుండువానికి కళ్ళద్దములున్నవి, పది గంటలుండువానికి లేవు. రక్షణకొరకు పుట్టిన వస్తువును మనము సొమ్ములలో చేర్చితిమి. సొమ్మును కొన్నట్లే రూపము చూచి కొనుచున్నాము, సొమ్ము పెట్టుకొను అంతస్తు గలవారికే అది తగునని తలచుచున్నాము. ఈ రెండు పొరపాటులకును వేరు ఒక్కటే.

ఎండ అను ఒక్క మాటలో మూడు సంగతులు ఇమిడియున్నవి. కంటికి కనబడు వెలుతురు ఒకటి. ఒడలికి తెలియు వేడి రెండవది. కంటికి కనబడకయు, ఒంటికి తెలియకయు వచ్చు అతినీలలోహిత కిరణములు మూడవవి. మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరందురు. మన కంటికి కనబడు వెలుతురులో ఊదారంగు ఇంచుమించు 400 నానోమీటర్ల వద్ద ముగియును. అంతకన్న పొట్టి అలలు గలవి ఈ అతినీలలోహితములు. వీనిలో 280కి లోపలివానిని ఓజోను పొర నేలకు రానీయదు. 280 మొదలు 315 వరకు గలవి ‘బి’ కిరణములు. ఓజోను వీనిని చాలవరకు ఆపినను కొంత మిగిలి వచ్చును. 315 మొదలు 400 వరకు గలవి ‘ఏ’ కిరణములు, ఇవి ఇంచుమించు అడ్డు లేకయే వచ్చును.

వేడికిని ఈ కిరణములకును ముడి పెట్టుట సామాన్యముగా జరుగు పొరపాటు. మే నెలలో 42, 43 డిగ్రీలున్న దినమున కన్నులు మండినచో ఎండ తగిలినదందుము. శ్రావణమాసమున పలుచని మబ్బు పట్టి చల్లగాలి వీచు దినమున ఆ ఊసే ఎత్తము. కాని పలుచని మబ్బు వేడిని తగ్గించినంతగా ఈ కిరణములను తగ్గింపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ప్రపంచ వాతావరణ సంస్థయు మరికొన్ని సంస్థలతో కలిసి వీని తీవ్రతకు ఒక సూచికను ఏర్పరచినవి. అది 3 అయినప్పటినుండియే రక్షణ అవసరము. 8 మొదలు 10 వరకు చాల ఎక్కువ, 11 ఆపైన విపరీతము. మన అక్షాంశములలో నిర్మలమైన వేసవి మధ్యాహ్నమున అది 11 దాటుట వింత కాదు.

ఈ కిరణములవలన కంటికి కలుగు కీడులలో మొదటిది మన పల్లెలలో అందరును ఎరిగినదే. కంటిలో కండ పెరిగినదందురు. తెల్లగ్రుడ్డుమీద ముక్కువైపు మూలనుండి ఎఱ్ఱని సన్నని పొర మొలిచి, సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా నల్లగ్రుడ్డు మీదికి ప్రాకును. వైద్యులు దీనిని టెరిజియము అందురు. ఆ గ్రీకు మాటకు చిన్న రెక్క అని అర్థము. అది కనుపాప ఎదుటికి వచ్చినచో చూపునకు అడ్డగును. శస్త్రచికిత్స చేసి తీసినను మరల మొలుచుట కలదు.

ఇది తరచుగా ముక్కువైపుననే ఏల మొలుచును? ముక్కు అడ్డముగా నున్నందున ఆ మూలకు ఎండ తక్కువ తగులవలెను కదా! ఆస్ట్రేలియా దేశపు నేత్రవైద్యుడు మినాస్ కొరోనియో ఈ చిక్కును విప్పెను. కణతవైపునుండి, అనగా ప్రక్కనుండి వచ్చు వెలుతురు కంటి ముందరి గుండ్రని పారదర్శకపు పొరలో వంగి, భూతద్దము క్రింద సూర్యకాంతి చుక్కగా చేరినట్లు, ఆవలి అంచున ముక్కువైపు మూలలో కేంద్రీకృతమగును. అచ్చట దాని తీవ్రత సుమారు 20 రెట్లు కావచ్చునని లెక్కగట్టిరి. కనుక ఎదుటనుండి వచ్చు వెలుతురును మాత్రము ఆపి, ప్రక్కలు తెరచియుంచు కళ్ళద్దము సగము పనియే చేయునన్నమాట.

తెలుగువారి కన్నులను గూర్చి జరిగిన పెద్ద పరిశోధన ఒకటి కలదు. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనము అను పేర హైదరాబాదు నగరములోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలలోను కలిపి 10,293 మంది కన్నులను పరీక్షించిరి. వారిలో ముప్పది యేండ్లు నిండినవారిని తీసికొన్నచో నూటికి సుమారు 12 మందికి ఈ కండ కనబడెను. పల్లెలవారిలోను, ఆరుబయట పనిచేయువారిలోను ఇది హెచ్చుగా నుండెను. మన జిల్లా ఆ లెక్కలో లేదు. కాని మహబూబ్‌నగరు మెట్టపొలములను ఎరిగినవారికి మన పొలములు క్రొత్తవి కావు.

రెండవ కీడు శుక్లము. కంటిలోని కటకము మసకబారుట. దీనికి ఎండ ఒక్కటే కారణమని అనరాదు. వయస్సు మొదటి కారణము, మధుమేహము, పొగాకు తరువాతివి. అయినను ఎండకు అందులో పాలు కలదని అమెరికాలోని చెసపీక్ అఖాతమున చేపలు, పీతలు పట్టి జీవించు 838 మందిని పరీక్షించి 1988లో ప్రకటించిన పరిశోధన తేల్చెను. జీవితకాలమున కంటికి అందిన ‘బి’ కిరణముల మోతాదు రెట్టింపైనచో కటకపు వెలుపలి భాగమున పుట్టు శుక్లపు ప్రమాదము 1.6 రెట్లగునని అందు కనుగొనిరి. శుక్లములచేత కలుగు అంధత్వములో నూటికి 20 పాళ్ళ వరకు ఎండవలన కలిగినది గాని, ఎండవలన హెచ్చినది గాని కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలెను. నడినెత్తిన సూర్యుడున్నపుడు తలకును వీపునకును బాధ హెచ్చు. కంటికి మాత్రము కనుబొమ ఎముక చూరువలె కొంత అడ్డుపడును. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడును, సాయంకాలము మూడు గంటలప్పుడును వాలుగా వచ్చు ఎండకు ఈ చూరు అక్కరకు రాదు. చల్లని వేళ యని మనము పొలమునకు బయలుదేరు ఉదయపు ఎండయే కంటికి నేరుగా తగులును. క్రిందినుండి తిరిగివచ్చునది మరియొకటి. ఎండిన ఇసుక తనపై బడిన అతినీలలోహితములలో నూటికి సుమారు 15 పాళ్ళు తిప్పికొట్టును, పచ్చిక పదింటికి లోపు. వరిమడిలో నిలుచువానికిని పెన్న ఇసుకలో నిలుచువానికిని గల తేడా ఇది. గొడుగు, పాగ ఈ క్రిందివెలుతురును ఆపలేవు.

ఇంతకును ఈ నల్లద్దము అలంకారముగా పుట్టలేదు. ధ్రువప్రాంతపు మంచులో వేటాడు ఇన్యూట్ ప్రజలు ఎముకను గాని కొయ్యను గాని తొలిచి, సన్నని చీలిక విడిచి, దానిని కన్నులకు కట్టుకొని వేలయేండ్లు కాదనుకొన్నను అనేక శతాబ్దములు కన్నులు కాపాడుకొనిరి. అందు అద్దమే లేదు. ఇంగ్లండులో గాజుకొలిముల యెదుట పనిచేయువారికి శుక్లములు హెచ్చుగా వచ్చుట చూచి సర్ విలియం క్రూక్స్ అను శాస్త్రజ్ఞుడు వందలకొలది గాజు మిశ్రమములను పరీక్షించి, సీరియము అను లోహపు లవణములు కలిపిన గాజు కీడు చేయు కిరణములను ఆపునని 1913లో తెలిపెను. క్రూక్స్ అద్దమను మాట పాతతరము కళ్ళద్దముల అంగడివారు ఎరిగినదే. కొలిమి ముందర చెమటోడ్చు కూలివానికొరకు వెలసిన అద్దము అది.

సొగసు తరువాత వచ్చినది. 1929లో అమెరికాలో సామ్ ఫాస్టర్ అను వర్తకుడు సముద్రతీరపు విహారస్థలమున చవుక కళ్ళద్దములు అమ్మనారంభించెను. విమానచోదకులకని చేసిన ఆకృతిని బాష్ అండ్ లోంబ్ కంపెనీవారు 1937లో రేబాన్ అను పేర బజారుకు తెచ్చిరి. సినిమావారి సంగతియు వేడుకయైనది. మూకీల కాలమున చిత్రశాలలలో వాడిన కర్బనపు ఆర్కుదీపములు అతినీలలోహితములను వెదజల్లెడివి. నటీనటుల కన్నులు ఎఱ్ఱబడి, నీరుగారి, వాచెడివి. ఆ దీపముల పేరనే దానిని క్లీగ్ కన్ను అనిరి. ఉపశమనమునకై వారు ధరించిన నల్లద్దములు లోకమునకు ఠీవిగా కనబడినవి. సినిమాయనగా మనకు పరాయిది కాదు. వాహినీ సంస్థను నడపిన బి.ఎన్.రెడ్డిగారు పులివెందుల తాలూకాలో జన్మించినవారే. మద్రాసులో మనవారు తీసిన చిత్రములను చూచి ఈ మూడు ఊళ్ళ కుఱ్ఱవారు క్రాపును, కళ్ళద్దములను నేర్చుకొనిరి. నటుని పుండ్ల కన్ను మాత్రము తెరమీద కనబడలేదు.

ఇక కొనుటను గూర్చి. అంగడిలో జరుగు సంభాషణ మనమందరము వినునదే. “ఏమన్నా, ఇవి ఎండకు నిలుస్తాయా?” “నిలవకేమన్నా, ఎంత నల్లగుండాయో చూడు!” ఈ జవాబులోనే మోసమున్నది. అమ్మువానికి మోసగింపవలెనను తలంపు లేకపోవచ్చును, వానికిని తెలియదు. నలుపు వెలుతురును మాత్రమే తగ్గించును. అతినీలలోహితములను ఆపుటకు నలుపుతో పనిలేదు. వాని నాపు గుణము లేని నల్లద్దము ఏమియు పెట్టుకొననిదానికన్నను చెడ్డది కావచ్చును. ఏలయన, వెలుతురు ఎక్కువైనపుడు కనుపాప ముడుచుకొనుట, రెప్పలు చిట్లించుకొనుట ప్రకృతి మనకిచ్చిన కావలి. నల్లద్దము వెనుక చీకటియని భ్రమసి కనుపాప విచ్చుకొనును, రెప్ప తెరచుకొనును. అప్పుడు కనబడని కిరణములకు వాకిలి బార్లా తెరచినట్లగును.

మరి దేనిని చూడవలెను? అద్దము చేయబడిన పదార్థమును. మామూలు గాజు ‘బి’ కిరణములను చాలవరకు ఆపి, ‘ఏ’ కిరణములను చాలవరకు పోనిచ్చును. పాలికార్బొనేటు అను గట్టి ప్లాస్టిక్కు తన స్వభావముచేతనే రెండింటిని దాదాపు పూర్తిగా ఆపును, రంగు లేకున్నను ఆపును. నమ్మకమైన సరుకుపై యు.వి. 400 అని వ్రాసియుండును, అనగా 400 నానోమీటర్ల వరకు గల కిరణములను ఆపునని తాత్పర్యము. వ్రాత అబద్ధము కావచ్చును గదా యని శంక కలుగుట న్యాయమే. కంటితో చూచి దీనిని తేల్చుట ఎవరి తరమును కాదు. పెద్ద కళ్ళద్దముల అంగళ్ళలో దీనిని కొలుచు చిన్న యంత్రముండును. చేతనున్న జోడును అందు పెట్టి చూపుమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. చూపు దోషమునకు అద్దములు వాడువారు వానిలోనే ఈ గుణముండునట్లు చేయించుకొన్నచో వేరుగా నల్లవి కొనుట వారి ఇష్టము.

నలుపునకు సైతము అంతర్జాతీయ ప్రమాణములలో సున్న మొదలు 4 వరకు తరగతులున్నవి. మన ఎండకు 3వది తగినది, అది వెలుతురులో నూటికి 8 మొదలు 18 పాళ్ళు లోనికి రానిచ్చును. 4వ తరగతిది మంచుకొండలకు గాని బండి నడుపుటకు పనికిరాదు. రంగులలో బూడిదరంగు వస్తువుల అసలు రంగులను అంతగా మార్చదు. పోలరాయిడ్ అద్దములు నీటిమీదినుండి, తారురోడ్డుమీదినుండి తళుక్కున కొట్టు మెఱపును చంపును. మైలవరము జలాశయపు గట్టుమీద వానిని ధరించి చూచినవారికి నీటి లోపలి రాళ్ళు సైతము కనబడి ఆశ్చర్యము కలుగును. కాని ఆ గుణము వేరు, అతినీలలోహితముల నాపుట వేరు. రాత్రివేళ ముద్దనూరు దారిలో లారీ దీపములు కొట్టుచున్నవని నల్లద్దములు పెట్టుకొని బండి నడుపువారిని చూచి మాత్రము మాకు భయము కలుగును.

శుక్లములు తీయించుకొన్న వృద్ధులు అరుగులమీద నల్లద్దములతో కూర్చుండుట చూచినవారమే. దానికొక కారణముండెను. వెనుకటి దినములలో కటకమును తీసివేయుటయే గాని మరియొకటి అమర్చుట లేదు. కంటి లోతునకు పోవు అతినీలలోహితములను వడగట్టునది ఆ కటకమే కనుక, అది లేని కంటికి నల్లద్దము అవసరమయ్యెను. నేడు అమర్చు కృత్రిమ కటకములలోనే ఆ గుణమును చేర్చుచున్నారు. అయినను గాలి, దుమ్ము, మిరుమిట్లు తగులకుండ కొన్నాళ్ళు అద్దములు పెట్టుకొనుమని వైద్యులు చెప్పుదురు. పసిపిల్లల కటకము మిక్కిలి స్వచ్ఛముగా నుండి ఈ కిరణములను పెద్దవారి కటకముకన్న ఎక్కువగా లోనికి పోనిచ్చును. తిరునాళ్ళలో కొన్న ఎఱ్ఱ ప్లాస్టిక్కు జోడు వారికి ఆటవస్తువే. బిడ్డను ఎండలో త్రిప్పవలసినచో అంచున్న టోపీ దానికన్న మేలు. కండ్లకలక వచ్చినవాడు నల్లద్దము పెట్టుకొన్నచో వెలుతురు బాధ తగ్గునే గాని, ఇతరులకు అంటుకొనుట ఆగదు. చూచినందువలన అది అంటునను నమ్మకము వట్టిది. చేతులు, తువాళ్ళు దానిని మోసికొనిపోవును.

గ్రహణమును ఏ నల్లద్దముతోను చూడరాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు దారి మహబూబ్‌నగరు, నల్లగొండ ప్రాంతముల మీదుగా పోయినపుడు జనులు తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండిరి. అది అతిభయము, నల్లద్దముతో నేరుగా చూచుట అతిధైర్యము. వెల్డింగు పనికిని ఇవి చాలవు. ఆ మంటను చూచిన కుఱ్ఱవానికి పగలు ఏమియు తెలియదు, రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లయి కేకలు వేయును.

మిగిలినది ఆ నాపరాతి గనివాని సంగతి. 1948 నాటి కర్మాగారముల చట్టము తన 35వ విభాగమున, ఎగిరిపడు ముక్కలవలన గాని, అధికమైన వెలుతురువలన గాని కన్నులకు హాని కలుగు పనులలో తగిన కళ్ళజోడులు ఏర్పరచునట్లు నియమములు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వమునకు ఇచ్చెను. వెలుతురు హాని చేయునను మాట అప్పుడే చట్టమునకు తెలియును. రాయి చీల్చువానికి ఈ రెండు అపాయములును ఒక్కమారే కలవు. వానికి కావలసినది పాలికార్బొనేటుతో చేసి, ప్రక్కలు మూసియుండి, చెమటకు జారకుండ వెనుక పట్టీ గల జోడు. అది చూచుటకు ఏమంత సొగసుగా నుండదు. కాని పాగ, తువాలు ఇచ్చినట్లే దీనిని కూడ మేస్త్రీయే అందరికిని ఒకేదినమున ఇచ్చినచో “సినిమాలో చేరినావా” అని ఎవరు ఎవరిని ఆడిపోసికొందురు? నలుగురు పెట్టుకొన్నచోట నవ్వువాడుండడు. పొలములో పెద్దమనిషి కనబడినపుడు నల్లద్దములతో నిలుచుండుట అమర్యాదయని జంకువారున్నారు. కన్ను కనబడనిదే మాట నమ్మకము కలుగదు గనుక ఆ జంకు మంచిదే. చెప్పులు విడిచినట్లు ఒక నిమిషము తీసి, నమస్కరించి, మాటాడి, మరల పెట్టుకొనవచ్చును.

రాతిపొడి పడిన అద్దమును పంచె చెరగుతో తుడువరాదు. పొడిలోని నలుసులు గీతలు పెట్టును. ముందు నీటితో కడిగి, తరువాత మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. గీతలు పడినను పదార్థములోనే యున్న రక్షణగుణము పోదు గాని, చూపు మసకబారును. మసకబారిన జోడును పనివాడు రెండు దినములు సహించి, మూడవనాడు తీసి గనిగట్టుమీద పెట్టును.